సూది మొన మీద నలుసు

“అన్నా, పెట్రోలు కారుతాంది. ఎంత గుంజినా లేస్తలేదు.”

“కాక్ బంద్ జేసినవా?”

పత్తి మొలకలు జానెడు లేచి, చాళ్ల నడుమ కలుపు వాటితో పోటీ పడే రోజుల్లో జనగామ జిల్లా తరిగొప్పుల వైపు మెకానిక్ షెడ్ల ముందు ఇలాంటి మాటలే నడుస్తాయి. రైతు ఆటోలో వేసుకొచ్చింది పవర్ వీడర్. యాసంగి అయ్యాక కొట్టంలో ఓ మూలకు నెట్టిన యంత్రం అది. ఇప్పుడు తాడు గుంజితే ఇంజన్ పలకదు, కింద మాత్రం పెట్రోలు బొట్టు బొట్టుగా రాలుతుంది. మెకానిక్ పానా అందుకోకముందే అడిగిన ఆ ప్రశ్నలో సగం వైద్యం ఉంది. ట్యాంకు కిందున్న పెట్రోలు కాక్ మూసి కారేదాన్ని ముందు ఆపాలి, కారణం తర్వాత వెతకాలి. మన పల్లె మెకానిక్కులు ఎవరూ రాసిపెట్టకుండానే ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్న వరుస ఇది. దాన్ని కాగితం మీద పెట్టాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

2016 అక్టోబరులో జనగామ జిల్లా ఏర్పడినప్పుడు తరిగొప్పుల మండల కేంద్రమైంది. ఇక్కడి పొలాల్లో తిరిగే ట్రాక్టర్లు దాదాపు అన్నీ డీజిల్‌వే, వాటికి కార్బరేటర్ ఉండదు. 1959లో ఐషర్ కంపెనీ ఫరీదాబాద్‌లో తయారుచేసిన తొలి దేశీయ ట్రాక్టర్ కూడా డీజిల్‌దే. అమెరికాలో 1917లో వచ్చిన ఫోర్డ్‌సన్ లాంటి పాత ట్రాక్టర్లకూ, అక్కడి పెరటి తోటల్లో తిరిగే చిన్న ట్రాక్టర్లకూ ఉన్న కార్బరేటర్ జబ్బులు మన దగ్గర చిన్న యంత్రాలకు వస్తాయి. కలుపు తీసే వీడర్లు, నీళ్ల పంపులు, పాత టీవీఎస్ ఎక్స్‌ఎల్ బండ్లు ఆ కోవలోవే. ఎడ్లతో గుంటుక తోలిన చోట వీడర్ తిరుగుతున్నప్పుడు అది ఒక్క పూట ఆగినా అదను తప్పుతుంది.

కార్బరేటర్ పని అర్థం కావాలంటే మన చెరువునే తలుచుకోవచ్చు. పైనున్న ట్యాంకు నుంచి పెట్రోలు సన్నని పైపు గుండా ఒక చిన్న గిన్నెలోకి దిగుతుంది. గిన్నెలో తేలే బెండు లాంటిదే ఫ్లోట్. మట్టం పెరిగేకొద్దీ ఫ్లోట్ పైకి లేచి, తన మీదున్న సూదిని రంధ్రంలోకి నెడుతుంది. దాంతో తూము మూసుకుంటుంది. ఇంజన్ తాగి మట్టం తగ్గగానే సూది దిగి, తూము మళ్లీ తెరుచుకుంటుంది. గాలి వెళ్లే గొట్టం నడుమ ఇరుకుగా ఉంటుంది. అక్కడ గాలి వేగం పెరిగి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి గిన్నెలోని పెట్రోలు జెట్ అనే సన్నని రంధ్రం గుండా పైకి ఎగసి తుంపరగా గాలిలో కలుస్తుంది. ఒక పాలు పెట్రోలుకు దాదాపు పదిహేను పాళ్ల గాలి, బరువు లెక్కన, కలిస్తేనే అది సరిగ్గా మండుతుంది.

గిన్నెలో పెట్రోలు మట్టం జెట్ మూతి కంటే కాస్త కిందనే ఉండాలి. సూది సరిగ్గా మూయకపోతే ఆ మట్టం దాటుతుంది. చెరువు నిండి మత్తడి దూకితే మనకు పండుగ, కార్బరేటర్ మత్తడి దూకితే మాత్రం జబ్బు. కాక్ తెరిచి వదిలేస్తే ట్యాంకంతా గాలి ఫిల్టర్‌లోకో, సిలిండర్‌లోకో దిగిపోతుంది. అక్కడి నుంచి రింగుల సందుల గుండా ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. అందుకే తాడు బిగుసుకుపోతే బలవంతంగా గుంజకూడదు. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ అయితే ఆయిల్ పుల్ల తీసి చూడాలి. ఆయిల్ పలచబడి, మట్టం పెరిగి, పెట్రోలు వాసన వస్తే మొత్తం మార్చాల్సిందే. అలాగే నడిపితే బేరింగులు అరిగిపోతాయి.

మంచి మెకానిక్ ముందు రెండు జబ్బులను విడదీస్తాడు. చోక్ మూసి పదేపదే తాడు గుంజడం వల్ల ఇంజన్ తడిసిపోవడం ఒకటి, సూది మూయకపోవడం రెండోది. కాక్ మూసి, స్విచ్ ఆపి, ప్లగ్ ఊడదీస్తాడు. చోక్ తెరిచి, యాక్సిలరేటర్ పూర్తిగా ఇచ్చి, నాలుగైదుసార్లు తాడు గుంజి లోపలి తడిని బయటికి పంపిస్తాడు. ప్లగ్ తుడిచి ఆరబెట్టి మళ్లీ బిగిస్తాడు. ఇంజన్ లేచి, పొగ నల్లగా రాకుండా నిలకడగా నడిస్తే తప్పు చోక్ వాడకంలో ఉంది. ఆపి ఉంచిన ఇంజన్ నుంచి కూడా పెట్రోలు కారితే తప్పు గిన్నెలో ఉంది.

అప్పుడు కూడా గిన్నె వెంటనే విప్పడు. స్క్రూడ్రైవర్ పిడితో గిన్నెను బయటి నుంచి మెల్లగా రెండుసార్లు తడతాడు. సూది మీద చిన్న నలుసు ఉంటే ఆ కదలికకు జారిపోయి కారడం ఆగుతుంది. ఆ పూటకు పని గడుస్తుంది కానీ నలుసు గిన్నెలోనే ఉంటుంది కాబట్టి మళ్లీ ఎప్పుడో పైకి లేస్తుంది. అందుకే తర్వాత గిన్నె అడుగునున్న స్క్రూ వదులు చేసి, పెట్రోలును గాజు సీసాలోకి వంపి వెలుతురుకు పట్టి చూస్తాడు. అడుగున నీటి బొట్లు కదిలాయా, తుప్పు పొడి చేరిందా అన్నది ఆ సీసాలో తెలిసిపోతుంది. తుప్పు కనిపిస్తే రోగం ట్యాంకులో మొదలైందని అర్థం. ట్యాంకు కడగకుండా కార్బరేటర్ ఒక్కటే కడిగితే వారం తిరక్కుండా అదే యంత్రం షెడ్డుకు వస్తుంది.

గిన్నె విప్పాక మొదట ఫ్లోట్ సంగతి. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల పెట్రోలు చప్పుడైతే దానికి చిల్లు పడ్డట్టే. అనుమానం తీరకపోతే పొయ్యికి దూరంగా పెట్టిన వేడినీళ్లలో ముంచితే చిల్లు నుంచి బుడగలు వస్తాయి. ఇత్తడి ఫ్లోట్‌కు టంకం వేయొచ్చు కానీ అది చాలా పలచగా ఉండాలి. టంకం బరువు పెరిగితే ఫ్లోట్ ఆలస్యంగా తేలుతుంది, మట్టం మళ్లీ ఎక్కువవుతుంది. తర్వాత సూది. దాని మొన చుట్టూ గీత పడిందేమో గోటితో రాసి చూస్తాడు. గీత తగిలితే సూది మార్చాలి. సూది కూర్చునే రంధ్రాన్ని మెత్తటి గుడ్డ పెట్రోల్‌లో ముంచి తుడవాలి. జెట్‌లోకి మాత్రం తీగ దూర్చకూడదు. ఇత్తడి మెత్తటి లోహం. తీగ రాపిడికి రంధ్రం పెద్దదైతే ఇంజన్ ఎప్పటికీ ఎక్కువ పెట్రోలు తాగుతుంది. గాలి పట్టి ఊదడమే దానికి వైద్యం.

చివరి పరీక్ష నాకు అన్నిటికంటే ఇష్టం. కార్బరేటర్‌ను తలకిందులు చేస్తే ఫ్లోట్ తన బరువుతోనే సూదిని మూస్తుంది. పెట్రోలు వచ్చే పైపుకు శుభ్రమైన గొట్టం తగిలించి నోటితో ఊదితే గాలి పోకూడదు. నిటారుగా తిప్పితే పోవాలి. ఏ మీటరూ లేకుండా ఊపిరితో తేల్చే తీర్పు ఇది.

ఈ పని చేసేటప్పుడు బీడీ, పొయ్యి, వేడి సైలెన్సర్ దగ్గర ఉండకూడదు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది, నేల మీద పాకుతూ దూరాన ఉన్న నిప్పును కూడా అందుకుంటుంది.

జబ్బు రాకుండా చూసుకోవడం రైతు చేతిలోని పని. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తోంది, అది తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి నిల్వ ఉంటే పెట్రోలు ఆవిరై, గిన్నెలో జిగురు మిగులుతుంది. కాబట్టి పని ముగిశాక కాక్ మూసి, ఇంజన్ తనంతట తాను ఆగేదాకా నడిపి గిన్నె ఖాళీ చేయాలి. సీసాల్లో కొన్న పెట్రోలును గుడ్డతో వడగట్టి పోయాలి. వీడర్‌ను ఆటోలో పక్కకు వంచి తీసుకుపోకూడదు.

ఈ విద్య గురించి ఇప్పుడు చెప్పడానికి కారణం ఉంది. షెడ్డుల్లో చేరిన కుర్రాళ్లు దీన్ని నేర్చుకున్నది ఎక్స్‌ఎల్ బండ్ల మీద, పాత మోటారు సైకిళ్ల మీద. 2020 ఏప్రిల్‌లో బీఎస్‌-6 నిబంధనలు వచ్చాక కొత్త రోడ్డు బండ్లు ఎక్కువగా ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. ఎక్స్‌ఎల్ కూడా మారింది. షెడ్డులో చేరే కుర్రాడి చేతికి కార్బరేటర్ దొరకడం తగ్గుతోంది. చేలోని వీడర్లకు, పంపులకు మాత్రం అది ఇంకా ఉంది. యంత్రం అమ్మే రోజే గిన్నె వంపడం, సూది చూడడం రైతు చేత చేయించి చూపించాలి. ఊళ్లోని ఒక్క మెకానిక్ చేతిలోనే ఉన్న పనితనం పది మంది చేతుల్లోకి వెళ్లాలి.

షెడ్డులో పని పూర్తయింది. ఇంజన్ ఇంకా లేపలేదు. మెకానిక్ కార్బరేటర్ కింద ఒక పాత పేపరు పరిచి, కాక్ తెరిచి, పక్కన కూర్చున్నాడు. రైతుకు ఆత్రంగా ఉంది, చేను ఎదురుచూస్తోంది. పది నిమిషాలు గడిచాయి. పేపరు పొడిగానే ఉంది.

“ఇగ గుంజు,” అన్నాడు.