టీఎంసీల లెక్కలో పది ఘాతాలు

కృష్ణా, గోదావరి ఎగువన వానలు ఊపందుకున్నాయంటే తెలుగు పత్రికల మొదటి పేజీలో రెండు మాటలు తప్పవు: టీఎంసీలు, క్యూసెక్కులు. శ్రీశైలానికి ఇన్ని లక్షల క్యూసెక్కుల వరద వస్తోందనీ, నాగార్జునసాగర్‌లో ఇన్ని టీఎంసీల నిల్వ ఉందనీ చదువుతాం. వచ్చే నీటికీ నిలిచిన నీటికీ మధ్య లెక్క మాత్రం ఎక్కడా వేసి చూపించరు. ఇంత వరద వస్తుంటే జలాశయం ఎన్నాళ్లకు నిండుతుంది? ఈ మాట తేల్చుకోవడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. బడిలో ఘాతాంకాల పాఠంలో నేర్పే ప్రామాణిక రూపం చాలు. పరీక్ష అయిపోగానే అందరం వదిలేసే ఆ పాఠం నిత్యజీవితంలో ఎంత పనికొస్తుందో నీళ్ల లెక్కల్లో తెలిసినంతగా మరెక్కడా తెలియదు.

టీఎంసీ అంటే వెయ్యి మిలియన్ల ఘనపుటడుగులు. మన లెక్కలో నూరు కోట్లు. ఒకటి పక్కన తొమ్మిది సున్నాలు, అంటే 10⁹. వెయ్యి మిలియన్లన్నా, నూరు కోట్లన్నా, 10⁹ అన్నా విలువ ఒకటే. కానీ మొదటి రెండూ చెవికి వేర్వేరుగా వినిపిస్తాయి. లక్షలు, కోట్లలో ఆలోచించేవాళ్లం మిలియన్లు ఎదురైనప్పుడు తడబడేది ఇక్కడే. ఘాతంలోకి మార్చుకుంటే ఆ తేడా ఉండదు. లక్ష 10⁵, మిలియన్ 10⁶, కోటి 10⁷, అంతే.

ప్రామాణిక రూపంలో సంఖ్యకు రెండు భాగాలుంటాయి. ముందు భాగం 1కి తగ్గకుండా, 10కి చేరకుండా ఉండే సంఖ్య. వెనక భాగం పది ఘాతం. సాగర్ పూర్తి నిల్వ 312.05 టీఎంసీలు. 312.05లో దశాంశ బిందువును రెండు స్థానాలు ఎడమకు జరిపితే 3.1205 × 10² అవుతుంది. టీఎంసీకి బదులు 10⁹ పెడితే మొత్తం 3.1205 × 10¹¹ ఘనపుటడుగులు. బిందువు ఎడమకు జరిగితే ఘాతాంకం పెరుగుతుంది, కుడికి జరిగితే తగ్గుతుంది. మార్చడంలో ఇంతకు మించిన రహస్యం లేదు. అసలు గొప్పతనం మరోచోట ఉంది. ఎంత పెద్దదో ఘాతాంకం చెబుతుంది, ఎంత కచ్చితమో ముందు భాగం చెబుతుంది. పన్నెండు అంకెలు వరసగా రాస్తే ఈ రెండు విషయాలూ కలగాపులగమై కంటికి ఆనవు.

పదింతలుగా పెరిగే స్థానాలు మనకు కొత్త కావు. యజుర్వేద సంహితల్లోనే ఏక, దశ, శత, సహస్రలతో మొదలై పరార్ధం దాకా, అంటే 10¹² దాకా పేర్లున్నాయి. ప్రతి స్థానం దాని ముందుదానికి పదింతలని ఆర్యభటుడు 499లో సూత్రంగా చెప్పాడు. అయితే పేర్లకో ఇబ్బంది ఉంది. పన్నెండో శతాబ్దపు భాస్కరాచార్యుడి లీలావతికి వచ్చేసరికి అదే పరార్ధం 10¹⁷ అయింది. పేరు మారకుండానే విలువ లక్ష రెట్లు పెరిగిపోయింది. గ్రీకుల వైపు చూస్తే, సిరక్యూస్‌లో ఆర్కిమెడీస్ విశ్వాన్ని ఇసుకతో నింపితే ఎన్ని రేణువులు పడతాయని లెక్క కట్టాడు. మన రాతలో చెప్పాలంటే 10⁶³కి మించవని తేల్చాడు. పెద్ద సంఖ్యల గుణకారంలో వాటి స్థానాల క్రమం కూడుతుందన్న నియమాన్ని ఆయన అప్పుడే గుర్తించాడు. సంఖ్య నెత్తిన చిన్న అంకెను కూర్చోబెట్టి ఘాతాన్ని చూపే పద్ధతి 1637లో అచ్చయిన డెకార్ట్ జ్యామితి గ్రంథం నుంచి స్థిరపడింది. పేరు మీద ఆధారపడే అవసరం దానితో పోయింది.

ఇప్పుడు వరద దగ్గరకు వద్దాం. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. రోజుకు 86,400 సెకన్లు, అంటే 8.64 × 10⁴. రోజంతా ఎన్ని క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ అవుతుంది? 10⁹ని 8.64 × 10⁴తో భాగించాలి. భాగహారంలో ఘాతాంకాలు తీసివేతకు వస్తాయి: తొమ్మిదిలోంచి నాలుగు పోతే ఐదు. 1ని 8.64తో భాగిస్తే 0.1157. జవాబు 0.1157 × 10⁵. ముందు భాగం ఒకటి కంటే తక్కువైంది కాబట్టి బిందువును ఒక స్థానం కుడికి జరిపి 1.157 × 10⁴ అని సరిచేయాలి. సుమారు 11,570 క్యూసెక్కులు. సాగునీటి ఇంజినీర్ల నోట తరచూ వినిపించే 11,574 ఇక్కడినుంచి వచ్చిందే.

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరదను తీసుకోండి. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులకు చేరింది. లంక గ్రామాల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ తలచుకునే వరద అది. 35 లక్షలంటే 35 × 10⁵, అంటే 3.5 × 10⁶. అదే ఉద్ధృతితో ఒక రోజంతా పారితే ఎంత నీరు? 3.5 × 10⁶ను 8.64 × 10⁴తో గుణించాలి. ముందు ఘాతాంకాలు కలపండి: 10. తర్వాత 3.5ని 8.64తో గుణిస్తే 30.24. వచ్చింది 30.24 × 10¹⁰, సరిచేస్తే 3.0 × 10¹¹. మూడు వందల టీఎంసీలు! సాగర్ నిండుగా పట్టుకునే నీటికి దాదాపు సమానమైనది ఒక్క రోజులో సముద్రంలోకి పోయేటంత ప్రవాహం. 35 లక్షలు అన్న మాట వింటే ఈ సంగతి తోచదు. ఘాతాంకం దగ్గర 11 కనిపించినప్పుడు తోస్తుంది.

జవాబును 3.024 అని రాయకుండా 3.0 దగ్గర ఆపడానికి కారణముంది. 35 లక్షల్లో మనం నమ్మదగినవి మొదటి రెండు అంకెలే. పోటెత్తిన నదిని ఒక్క క్యూసెక్కు తేడా లేకుండా కొలవడం ఎవరికీ సాధ్యం కాదు. చివరి అంకె దాకా ఇచ్చిన వరద లెక్కలు చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది. ఆ అంకెలు చదువరికి లేని భరోసా ఇస్తాయి. ముందు భాగంలో ఎన్ని అంకెలు రాస్తామో అంతవరకే పూచీ పడుతున్నామని అర్థం. వీటినే సార్థక అంకెలంటారు.

కూడికలో నియమం వేరు, పిల్లలు ఎక్కువగా తప్పేదీ అక్కడే. సాగర్ నిల్వ 3.12 × 10¹¹, పులిచింతల నిల్వ 45.77 టీఎంసీలు, అంటే 4.577 × 10¹⁰. ఈ రెండూ కలపాలంటే ఘాతాలు ఒకటి కావాలి. చిన్నదాన్ని 0.4577 × 10¹¹ అని మార్చాకే కలపగలం: 3.58 × 10¹¹. గుణకారం అలవాటు చొప్పున ఘాతాంకాలు కలిపేస్తే 10²¹ వస్తుంది. ఏ నదిలోనూ లేని నీరు అది. తీసివేతదీ ఇదే దారి. సాగర్ నిల్వ మొదట్లో 408 టీఎంసీలు, పూడిక చేరాక ఇప్పుడు 312. 4.08 × 10¹¹లోంచి 3.12 × 10¹¹ పోతే 0.96 × 10¹¹, అంటే 9.6 × 10¹⁰. మూడేసి సార్థక అంకెలతో మొదలుపెట్టి రెండుతో మిగిలాం. దగ్గరదగ్గరి సంఖ్యల తీసివేతలో కచ్చితత్వం కరిగిపోతుంది. ఇది లెక్కలో పొరపాటు కాదు, కొలతల స్వభావం.

ప్రమాణాలు మార్చేటప్పుడు మరో జాగ్రత్త కావాలి. అడుగు 3.048 × 10⁻¹ మీటర్లు. ఘనపుటడుగు కావాలంటే మొత్తాన్ని ఘనం చేయాలి: 3.048 ఘనం 28.32, ఘాతాంకం మూడింతలై మైనస్ 3. సరిచేస్తే 2.832 × 10⁻² ఘనపు మీటర్లు, లీటర్లలో 28.32. ముందు భాగాన్ని ఘనం చేసి ఘాతాంకాన్ని అలాగే వదిలేస్తే జవాబు నూరు రెట్లు తేడా వస్తుంది. ఈ లెక్కన టీఎంసీ 2.832 × 10¹⁰ లీటర్లు. కోటిమంది ఉన్న నగరంలో తలకు రోజుకు నూరు లీటర్లు చొప్పున రోజుకు 10⁹ లీటర్లు కావాలి. ఒక టీఎంసీ 28 రోజులకు సరిపోతుంది. కాలువల్లో, గొట్టాల్లో పోయే వృథా కలిపితే ఇంకా తక్కువ.

ఫ్లోరైడ్ దగ్గరికొస్తే రుణ ఘాతాంకం విలువ తెలుస్తుంది. నల్లగొండ పల్లెల్లో ఎముకలు వంచిన నీటి సమస్య ఇది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు. 1.5 × 10⁻³ గ్రాములు. లీటరు నీటి బరువు 10³ గ్రాములు. భాగిస్తే 1.5 × 10⁻⁶, పది లక్షల పాళ్లలో ఒకటిన్నర పాలు. ఇంత స్వల్పమా అనిపిస్తుంది. ఫ్లోరిన్ పరమాణు భారం 19. 1.5 × 10⁻³ను 1.9 × 10¹తో భాగిస్తే 7.9 × 10⁻⁵ మోల్‌లు. దాన్ని అవొగాడ్రో సంఖ్య 6.022 × 10²³తో గుణిస్తే లీటరు నీటిలో ఫ్లోరైడ్ అయాన్లు సుమారు 4.8 × 10¹⁹. మైనస్ ఆరులో ఇమిడినంత పాలు, లెక్కకు దిగితే కోటి కోట్లను దాటిన గుంపు. ఒక బోరు నీటిలో లీటరుకు 6 మిల్లీగ్రాములు తేలిందనుకోండి. 6.0 × 10⁻³ను 1.5 × 10⁻³తో భాగిస్తే ఘాతాలు రెండూ కొట్టుకుపోయి 4 మిగులుతుంది. ఆ బోరులో విషం హద్దుకు నాలుగింతలుంది.