కోతకు పేరుండాలి

ఆత్మకూరులో మా తమ్ముడిది బోరు మోటార్లు, పైపుల కొట్టు. నెల మొదట్లో ఒక సాయంత్రం అక్కడ కూర్చుని వాడి బ్యాంకు స్టేట్‌మెంట్ చూసిపెట్టడం నాకు అలవాటు. ఆమధ్య ఒక రోజు షట్టర్ సగం దించి, కాగితం నా ముందు పెట్టి, ఒక వరుస కింద వేలు ఆనించాడు.

"అన్నా, ఈ ఐదు వందల తొంభై ఏందో చూడు. నేనెవరికీ ఇయ్యలా. అదీ రెండుసార్లు."

ఆ వరుసలో నాలుగు ఇంగ్లీషు పొడి అక్షరాలు, వాటి వెనక అంకెల తోక. అంతే.

మా నాయన ఉదయగిరిలో ఒక బట్టల కొట్టుకు పద్దులు రాసేవాడు. రాత్రి చిట్టా కట్టేటప్పుడు పావలా తేడా వచ్చినా లేచేవాడు కాదు. ఎవరికిచ్చాం, ఎందుకిచ్చాం అన్న రెండూ తెలియకుండా ఖర్చు వైపు కలం పెట్టేవాడు కాదు. స్టేట్‌మెంట్ చదవడమంటే నాకు ఆ పనే గుర్తొస్తుంది. పద్దు రాసింది బ్యాంకు, పేరు పెట్టాల్సింది మనం.

పేరు దొరకబుచ్చుకోవడానికి నేను చేసే మొదటి పని, తెలియని మొత్తాన్ని 1.18తో భాగించడం. బ్యాంకు రుసుములపై 18 శాతం జీఎస్టీ పడుతుంది కాబట్టి అసలు అంకె బయటికొస్తుంది. 590ని భాగిస్తే సరిగ్గా 500. అంత గుండ్రంగా తేలిందంటే అది చాలావరకు అమ్మకం మీద పడిన కోత కాదు, స్వైపింగ్ మిషన్ నెల అద్దె లాంటి స్థిర రుసుము.

అమ్మకం మీది కోత సాధారణంగా ఇలా గుండ్రంగా రాదు. అదే స్టేట్‌మెంట్‌లో, ఒక రైతు క్రెడిట్ కార్డు గీకి 18,500 రూపాయలకు మోటారు కొన్న మర్నాడు ఖాతాలో పడింది 18,107.06. తగ్గింది 392.94. దాన్ని 1.18తో భాగిస్తే 333. అంటే అమ్మకంలో 1.8 శాతం. దీన్నే ఎండీఆర్ అంటారు. కార్డు ఇచ్చిన బ్యాంకు, వీసా లాంటి కార్డు సంస్థ, మిషన్ పెట్టిన బ్యాంకు దాన్ని పంచుకుంటాయి.

అన్ని కార్డులకూ కోత ఒకటి కాదు. క్రెడిట్ కార్డు రేటుకు రిజర్వు బ్యాంకు పరిమితి పెట్టలేదు, మనం సంతకం చేసిన ఒప్పందమే ఆధారం. డెబిట్ కార్డులకు 2018 జనవరి 1 నుంచి పరిమితి ఉంది. ఏడాది వ్యాపారం 20 లక్షల లోపుంటే మిషన్ మీద 0.40 శాతం, దాటితే 0.90 శాతం మించకూడదు. ఆ రుసుమును కొనేవాళ్ల మీద వేయకూడదు. 2020 జనవరి 1 నుంచి రూపే డెబిట్ కార్డుకు, బ్యాంకు ఖాతా నుంచి చేసే యూపీఐ చెల్లింపుకు ఎండీఆర్ లేదు. వాటి మీద కోత కనిపిస్తే నిలదీయాలి.

ఉదయగిరిలో కొయ్య చెంచాలు చెక్కి అమ్మే ఒక అక్క నన్ను ఇదే అడిగింది. "ఫోన్లో కొట్టే డబ్బుకు కోత లేదన్నారు గదా నాయనా, మరి నెలనెలా పోయేదేంది?" అది డబ్బు పడిందని పలికే సౌండ్ బాక్స్ అద్దె. పెట్టిన రోజు ఆమెకు ఎవరూ ఆ ముక్క చెప్పలేదు. ఒక్కో చెంచాకూ అంత చాకిరీ చేసే మనిషికి తన డబ్బు ఎటు పోతోందో చెప్పకపోవడం తప్పు.

మా తమ్ముడు చేస్తున్న పొరపాటు ఇంకోటుంది. ఖాతాలో పడిన 18,107నే అమ్మకంగా రాసుకుంటున్నాడు. అమ్మకం 18,500 అని, రుసుము 333 అని, జీఎస్టీ 59.94 అని విడివిడిగా రాయాలి. జీఎస్టీ నంబరు బ్యాంకుకు ఇచ్చి ఉంటే, వాళ్ల ఇన్‌వాయిస్ ఆధారంగా ఆ పన్నును మన పన్నులో తగ్గించుకోవచ్చు. కలిపి రాస్తే రుసుమూ కనపడదు, రావాల్సిందీ రాదు.

ఇక ఆ రెండో 590. వరుస చివరి అంకెల తోకను, కార్డు గీకితే వచ్చే స్లిప్పు మీది టీఐడీ (మిషన్ గుర్తింపు) నంబరును పక్కపక్కన పెట్టి చూశాం. మొదటిది కలిసింది. రెండోది కలవలేదు. తమ్ముడు కాసేపు ఆలోచించి, సొరుగు అడుగు నుంచి ఒక రసీదు తీశాడు. చెడిపోయిందని మూడు నెలల కిందట బ్యాంకుకు తిరిగిచ్చిన పాత మిషన్ నంబరు అది.

రసీదు నకలు జతచేసి, ఏ తేదీన ఎంత కోశారో రాసి అర్జీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నాం. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు. అంతదూరం పోలేదు, పాత మిషన్ పేరిట మూడు నెలల్లో పడిన మూడు కోతలూ తిరిగి జమయ్యాయి.

ఆ 1,770 రూపాయలు వచ్చిందానికన్నా ఈ నెల స్టేట్‌మెంట్ చూసి నాకు ఎక్కువ సంతోషమైంది. నేను వెళ్లేసరికే తమ్ముడు ప్రతి కోత పక్కనా పెన్సిలుతో పేరు రాసి ఉంచాడు. ఒక్క వరుస మాత్రం ఖాళీగా ఉంది. "ఇది రేపు బ్యాంకులో అడుగుతాలే అన్నా" అన్నాడు.