బుట్టలో స్పైడర్‌మాన్

గేమ్ ఛేంజర్ అనగానే రామ్ చరణ్ సినిమా గుర్తొస్తే అది మన తప్పు కాదు. నేను మాట్లాడేది అదే పేరున్న ఒక బొమ్మ గురించి. 2020 మే నెలలో, కరోనా రోజుల్లో, బ్యాంక్సీ దాన్ని వేసి ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ జనరల్ హాస్పిటల్‌కి ఇచ్చాడు. కొన్నాళ్లు అక్కడ గోడకి ఉండాలి, తర్వాత వేలం వేసి ఆ డబ్బు ఆరోగ్య సేవలకి వాడాలి. అదీ ఏర్పాటు.

విరాళంగా ఇచ్చే బొమ్మలకి ఒక సుఖం ఉంది. వాటిని ఎవరూ గట్టిగా విమర్శించరు. మంచి పనికి ఇచ్చాడు కదా, ఇంకా వంకలు పెట్టడం ఎందుకు అనుకుంటాం. ఈ బొమ్మని కూడా చాలామంది నర్సులకి చెప్పిన థ్యాంక్స్‌గానే చూశారు. కానీ నిదానంగా చూడండి. ఒక పిల్లవాడు నేలమీద కూర్చుని నర్సు బొమ్మని గాల్లోకి ఎగరేస్తూ ఆడుకుంటున్నాడు. ఆమెకి మాస్కు, వెనక రెపరెపలాడే కేప్. అంతా నలుపు తెలుపే, ఆమె ఏప్రన్ మీది ఎర్ర సిలువ తప్ప. పక్కనే చెత్తబుట్టలో బ్యాట్‌మాన్, స్పైడర్‌మాన్ పడి ఉన్నారు.

నిన్నటి హీరోలు బుట్టలో ఉన్నారు. మరి రేపు ఈ నర్సు ఎక్కడ ఉంటుంది? బొమ్మలో అసలు విషయం ఆ బుట్టే. తెలుగులో చిత్రాన్నీ, ఆటవస్తువునీ రెంటినీ బొమ్మే అంటాం కాబట్టి ఇది మనకి ఇంకాస్త సూటిగా తగులుతుంది. హీరోని చేయడమంటే ఆడుకోవడమే. ఆట ఎప్పుడు ఆపాలో ఆడేవాడి ఇష్టం.

ఇది ఇంగ్లండ్ సంగతి మాత్రమే కాదు. ఆ బొమ్మ బయటికి రావడానికి మూడు రోజుల ముందు, మే 3న, హైదరాబాద్ గాంధీ ఆసుపత్రి మీద వైమానిక దళం హెలికాప్టర్ పూలు చల్లింది. ఐటీ ఆఫీసుల్లోనూ ఇదే తంతు. రాత్రంతా మేలుకుని సర్వర్ నిలబెట్టినవాడికి మెయిల్లో చప్పట్లు పడతాయి, టీమ్‌లోకి ఇంకో మనిషి మాత్రం రాడు.

2021 మార్చి 23న, అంటే బ్రిటన్‌లో మొదటి లాక్‌డౌన్ పెట్టి సరిగ్గా ఏడాదికి, క్రిస్టీస్ వాళ్లు ఈ బొమ్మని వేలం వేశారు. 25 నుంచి 35 లక్షల పౌండ్లు వస్తాయని అంచనా. ఫీజులతో కలిపి 1 కోటి 67 లక్షలు దాటింది. అదే నెల మొదట్లో బ్రిటన్ ప్రభుత్వం ఇంగ్లండ్ నర్సులకి 1 శాతం జీతం పెంపు చాలని ప్రతిపాదించింది. గొడవయ్యాక జూలైలో అది 3 శాతమైంది. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెడితే బ్యాంక్సీ బుట్ట ఎందుకు గీశాడో వేరే వివరణ అక్కర్లేదు.

అయితే ఒక పేచీ ఉంది. 2018లో వేలం హాల్లోనే తన బొమ్మ ముక్కలయ్యేలా చేసినవాడు ఇతనే. ఈసారి బొమ్మని బుద్ధిగా వేలానికి ఇచ్చాడు. దాంతో ధర వార్తయింది, బుట్ట సంగతి పక్కకి పోయింది. అయినా నేను అతని వైపే ఉంటాను. ఆ డబ్బు నిజంగా ఆసుపత్రి సిబ్బందికీ రోగులకీ పనికొచ్చేది. డబ్బు తెస్తూనే, ఇచ్చేవాళ్లని కాస్త ఇబ్బంది పెట్టే బొమ్మ అరుదు. చారిటీ వేలాలకి వచ్చే పూలకుండీలు, సూర్యాస్తమయాలు ఆ పని చేయవు.

అసలు బొమ్మ కొన్నవారి దగ్గరికి పోయింది. ఆసుపత్రికి నకలు మిగిలింది. డ్యూటీకి వెళ్లే నర్సులకి అందులోనూ ఆ బుట్ట కనిపిస్తూనే ఉంటుంది.