తులాభారంలో సత్యభామ: రంగస్థలం నుండి తెరకు

ముత్తరాజు సుబ్బారావు నాటకం ఆధారంగా కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో వచ్చిన ‘శ్రీకృష్ణ తులాభారం’ (1966) చిత్రాన్ని సత్యభామ గర్వభంగంగా, రుక్మిణి భక్తివిజయంగా చదవడం పరిపాటి. ఈ పఠనం కథాంతానికి సరిపోతుంది గాని, హాస్యానికి చాలదు. తులసీదళానికి కృష్ణుడు తూగుతాడని ప్రేక్షకునికి ముందే తెలుసు. అతడు వేచి ఉండేది సత్య అతిశయం కోసం. రంగస్థలంపై ఆ అతిశయాన్ని రూపుదిద్దినవారు స్త్రీపాత్రధారి స్థానం నరసింహారావు. సత్య ధీమాను చాటే ప్రసిద్ధ గీతం ఆయన స్వయంగా రచించుకున్నదే. పురుషుడు అభినయించిన స్త్రీత్వం కనుక అక్కడ సవతిపోరు సైతం నటనగానే భాసించేది. అదే గీతం పి. సుశీల గళంతో, జమున అభినయంతో తెరకెక్కినప్పుడు ఆ ఎడం చెరిగింది. అంజలీదేవి రుక్మిణిగా గెలిచినా, మనసు సత్య వెంటే పోతుంది. నారదుడు కృష్ణుని అమ్మకానికి పెట్టే ఘట్టంలో నవ్వు సగంలో ఆగడం అందువల్లనే.