తలుపు అవతల మిగిలిపోయినవాళ్ళు

బ్యాంకులు మునిగిపోతాయేమోనని మనం గోళ్ళు కొరుక్కుంటూ కూర్చునే సినిమా ఒకటుంది. ఆండ్రూ రాస్ సార్కిన్ 2009లో రాసిన పుస్తకం ఆధారంగా కర్టిస్ హాన్సన్ హెచ్‌బీఓ కోసం తీసిన ‘టూ బిగ్ టు ఫెయిల్’ (2011). అమెరికా ఆర్థిక వ్యవస్థ కుప్పకూలుతున్న 2008లో, ట్రెజరీ సెక్రటరీ హెన్రీ పాల్సన్ (విలియం హర్ట్) నిద్రాహారాలు మాని ఫోన్ల మీద ఫోన్లు చేయడమే కథంతా.

సినిమా బిగువంతా గదుల్లోనే ఉంది. సెప్టెంబర్ రెండోవారం చివర్లో న్యూయార్క్ ఫెడ్‌లో పెద్ద పెద్ద బ్యాంకుల అధిపతుల్ని క్లాసు పిల్లల్లా కూర్చోబెట్టి, మీ పోటీదారు లేమన్ బ్రదర్స్‌ని మీరే కాపాడండి అంటారు. ప్రభుత్వం డబ్బివ్వదట. బేరం కుదరదు. 15న లేమన్ దివాలా. మెరిల్ లించ్ మాత్రం బ్యాంక్ ఆఫ్ అమెరికా పంచన చేరి గట్టెక్కుతుంది. మర్నాడే ఏఐజీకి 8,500 కోట్ల డాలర్ల అప్పు. నిన్న లేని డబ్బు ఇవాళ ఎక్కణ్ణుంచొచ్చింది? పాల్సన్ సిబ్బంది తమలోనే ఒకామెకి (సింథియా నిక్సన్) ఇళ్ళ అప్పుల దగ్గర్నుంచి ఏఐజీ బీమా దాకా విడమర్చి చెప్పే సీన్లో జవాబుంది. ఆ బీమా చెల్లకపోతే దాన్ని నమ్ముకున్న బ్యాంకులన్నీ పోతాయి. మరి ముందే ఎవరూ ఎందుకు ఆపలేదని ఆమె అడిగితే, అందరం సంపాదించుకుంటున్నాం కదా అన్న అర్థం వచ్చే సమాధానం వస్తుంది. సినిమాలో నాకు బాగా నచ్చిన చోటు అదే.

నా పేచీ ఆ తర్వాత. సినిమా మనల్ని పాల్సన్ పక్కన కూర్చోబెట్టేస్తుంది. అతను 70,000 కోట్ల డాలర్లు అడుగుతూ తెచ్చిన మొదటి ముసాయిదా మూడు పేజీలు. సెప్టెంబర్ 29న ప్రతినిధుల సభ 228-205 ఓట్లతో బిల్లుని ఓడించినప్పుడు, డౌ 777 పాయింట్లు పడిపోయినప్పుడు, మనకి ఆ సభ్యుల మీద ఒళ్ళు మండుతుంది. వాళ్ళు ఎందుకు కాదన్నారు? వాళ్ళ నియోజకవర్గాల్లో జనం అంత కోపంగా ఉన్నారు. ఆ కోపానికి సినిమాలో మొహం లేదు, మాట లేదు. వాల్‌స్ట్రీట్ మనుషులకి మాత్రం చెమటలు కూడా క్లోజప్పులో కనిపిస్తాయి.

ఆడమ్ మెకే ‘ది బిగ్ షార్ట్’ (2015) గోల ఎక్కువున్న సినిమా. అయినా అందులో ఫ్లోరిడాలో ఓ అద్దెకున్నాయన తలుపు తీస్తాడు. అద్దె సక్రమంగా కడుతున్నాడు. ఓనరు మాత్రం అప్పు కట్టడం లేదు. తర్వాత అతని కుటుంబం బండిలో బతుకుతూ కనిపిస్తుంది. నిడివి కొద్ది నిమిషాలే. కానీ దానివల్ల ఆ సినిమాలో నష్టం అనే మాటకి ఒక మనిషి దొరికాడు.

హాన్సన్‌కి ఇదంతా తెలియదనుకోను. చివర్లో, అక్టోబర్ 13న, తొమ్మిది బ్యాంకుల పెద్దలు బల్ల చుట్టూ కూర్చుని 12,500 కోట్ల డాలర్లు ఒప్పుకుంటారు. ఆ డబ్బుని జనానికి అప్పుగా తిప్పాలన్న గట్టి షరతేమీ లేదు. తిప్పుతారు కదా అన్న అనుమానం పాల్సన్ మొహంలోకి వస్తుంది. ఆ అనుమానంతో మొదలవ్వాల్సిన సినిమా దాంతో ముగిసిపోయింది.

బ్యాంకులకిచ్చిన సొమ్ము లాభంతో సహా వెనక్కొచ్చింది కదా అంటారు. నిజమే, వచ్చింది. వేలంలో పోయిన లక్షలాది ఇళ్ళు అలా వెనక్కి రాలేదు. మనం వాడేసుకుంటున్న ‘బెయిలవుట్’ అనే మాట చెవికి కోర్టు బెయిల్లాగే వినిపిస్తుంది. ఇక్కడ జైలుకి వెళ్ళకుండానే బెయిల్ దొరికింది, పూచీకత్తు మాత్రం గదిలో లేనివాళ్ళది.

సినిమా చూడండి, తప్పకుండా. పాల్సన్ గెలవాలని మీకు అనిపించిన క్షణంలో ఒక్కసారి ఆపి, ఎవరి తరఫున గెలవాలనుకుంటున్నామో అడిగి చూసుకోండి.