విలన్ పరువు తీసే వంతగాడు

1757 జనవరి 24న బొబ్బిలి కోటలో జరిగింది నవ్వుకునే సంగతి కాదు. ఫ్రెంచి ఫిరంగులు గోడలు పడగొడుతుంటే, శత్రువుల చేతికి చిక్కకూడదని కోటలోపలివాళ్లే తమ ఆడవాళ్లనూ పిల్లలనూ చంపుకున్నారు. రాజా రంగారావు, ఆయన వెంట ఉన్నవాళ్లు చివరిదాకా పోరాడి నేలకొరిగారు. అయినా ఈ కథను బుర్రకథగా చెప్పే దళంలో ముగ్గురిలో ఒకరి పని నవ్వించడమే. అదనపు హంగు కోసం పెట్టుకున్న మనిషి కాదతను. అతను లేకపోతే ఈ కథలోని దుర్మార్గం మనకు సరిగ్గా అర్థం కాదు.

నడిమధ్య కథకుడు. భుజాన తంబురా, వేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు. అటూ ఇటూ గుమ్మెటలు పట్టుకున్న వంతలు. ఒక వంతది రాజకీయం, రెండో వంతది హాస్యం. కథకుడు పాడుతూ, మధ్యలో వచనం చెబుతూ, అడుగు వేస్తూ పోతుంటే వంతలు తందాన పలుకుతారు. పొన్నెకల్లులో పుట్టి బుర్రకథకు మారుపేరైన షేక్ నాజర్ పల్నాటి యుద్ధంతో పాటు బొబ్బిలి కథనూ ఊరూరా చెప్పారు. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఇక విలన్ల సంగతి. విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు, ఫ్రెంచి సేనాని బుస్సీ, బుస్సీ దివాను హైదర్ జంగ్. జానపద కథలో అసలు మెలిక హైదర్ జంగ్ దగ్గరే ఉంది. లంచం పుచ్చుకుని, అక్కడి మాట ఇక్కడ తిప్పి చెప్పి, బుస్సీని బొబ్బిలి మీదికి ఉసిగొల్పినవాడు అతనే. ఈ ఘట్టం దగ్గరికి వచ్చేసరికి మంచి కథకుడు విలన్‌ను ముందు ఆకాశానికెత్తేస్తాడు. గొంతు బొంగురు చేసి, ఛాతీ విరిచి, మీసం దువ్వి, ఏనుగులూ గుర్రాలూ డేరాలూ ఒక్కొక్కటే వర్ణిస్తాడు. జనం నిజంగానే బెదిరేదాకా ఆగడు. అప్పుడు హాస్యపు వంత మెల్లగా గుమ్మెట ఆపి, "ఇంతకీ ఎంత ముట్టింది గురూ?" అంటాడు.

అంతే, డేరా కూలిపోతుంది! కథకుడు కసురుకుంటాడు. "ఛీ, నోర్ముయ్, ఆయన దివానుగారు!" వంత ఇంకా అమాయకంగా, "దివాన్లకి ఆకలుండదేటి గురూ? మా ఊళ్లో కాయితం కదలాలన్నా అడుగుతారు గదేటి" అంటాడు. నేను రాసిన ఈ మాటలు ఏ ఒక్క దళానివీ కావు. ప్రతి ఊళ్లో ప్రతి వంతా అప్పటికప్పుడు అల్లుకునేవే. చూడాల్సింది ఆ అల్లిక తీరు. పెంచడం కథకుడి పని, సూదితో పొడవడం వంత పని. రెండున్నర వందల ఏళ్లు దాటిన దివాను ఒక్క ప్రశ్నతో మన ఊరి ఆఫీసులో బల్ల వెనక కూర్చుంటాడు.

నల్లముసుగు వేసుకుని లోకాన్ని జయిస్తానని గర్జించే మహావిలన్లను వెక్కిరిస్తూ ఇవాళ పెద్దవాళ్ల కోసం బొమ్మల నవలలు వస్తున్నాయి. వాటిలో విలన్ అద్దె కట్టలేక, మోకాళ్ల నొప్పితో, సొంత అనుచరుల చేతే చీవాట్లు తింటూ కనిపిస్తాడు. ఆ చమత్కారం మనకు కొత్త కాదు. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు చేసేది అదే. రామాయణం నడుమ దూరి, పెద్దపెద్ద పాత్రల పక్కనే మొగుడూ పెళ్లాల గొడవ పెట్టుకుంటారు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన జానపద గాయకుడు వంగపండు ప్రసాదరావు తన 'భూమి భాగోతం'తో భూస్వామిని ఆ బాటలోనే వీధిలోకి ఈడ్చారు.

ఈ వెక్కిరింతలో చరిత్ర పాలు కూడా ఉంది. ఆ కాలపు ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాసిన దాన్నిబట్టి చూస్తే, రెండు సంస్థానాల మధ్య పగకు మొదలు ఇరుగుపొరుగు తగాదాలు, కాలవ నీళ్ల మళ్లింపు. అంటే వంతగాడు విలన్‌ను తగ్గించి చూపడం లేదు. అతని అసలు కొలత చెబుతున్నాడు. 1964లో వచ్చిన 'బొబ్బిలి యుద్ధం' సినిమాలో రాజనాల విజయరామరాజుగా చక్కగా రాణించారు. కానీ తెర మీద మన తరఫున లేచి అడ్డుతగిలే మనిషి లేడు. బొబ్బిలిలో నిలిపిన యుద్ధ స్తంభానికీ గౌరవమే తెలుసు, ప్రశ్న తెలియదు.

నాకు ఈ విద్యలో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది వంతగాడు నోరు మూసుకునే చోటు. కోట గోడ విరిగి, లోపల కత్తులు తమవాళ్ల మీదే లేచే ఘట్టంలో అతను ఒక్క ముక్క మాట్లాడడు. గుమ్మెట మాత్రం వాయిస్తాడు. అప్పటిదాకా ఏ లంచం గురించి పగలబడి నవ్వామో ఆ లంచమే ఇక్కడికి తెచ్చిందని జనానికి తడుతుంది. కేవలం ఏడిపించే కథ ఈ దెబ్బ కొట్టలేదు. నవ్విన నోరే తడారిపోవాలి. తరవాత రాజాం నుంచి వచ్చిన బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు విజయరామరాజు డేరాలో దూరి పగ తీర్చుకునేటప్పుడు కూడా, తెలివైన వంత వెంటనే జోకు వేయడు. ఆ రాజు ఒంటి మీద ముప్ఫై రెండు కత్తిపోట్లని ఓర్మ్ రాశాడు. చచ్చే మనిషిని చూసి నవ్వడం వేరు, అధికారాన్ని చూసి నవ్వడం వేరు. ఆ తేడా ఎరిగిన వంతే అసలైన వంత.

ఇంకో మేలు కూడా ఉంది. బొబ్బిలి, విజయనగరం ఇవాళ ఒకే జిల్లా. రెండు ఊళ్ల మధ్య పెళ్లి సంబంధాలున్నాయి, వ్యాపారాలున్నాయి. విలన్‌ను రాక్షసుణ్ణి చేస్తే అతని ఊరంతటి మీదా కోపం పెరుగుతుంది. ఆశకు లొంగిన మనిషిగా చూపిస్తే విజయనగరంవాళ్లూ పక్కన కూర్చుని నవ్వగలరు.

ఇప్పుడు బుర్రకథకు వేదిక మీద అరగంట ఇస్తే గొప్ప. టైము చాలనప్పుడు ముందు కోత పడేది హాస్యానికే, మిగిలిన కాసింతలోకీ సినిమా డైలాగులు వచ్చి కూర్చుంటున్నాయి. బొబ్బిలిలో ఈ కథ పెట్టించేవారు యుద్ధ వర్ణన సగానికి కుదించమన్నా ఫరవాలేదు, ఫిరంగుల మోత జనం ఊహించుకోగలరు. హైదర్ జంగ్ ఘట్టాన్ని మాత్రం పూర్తిగా ఆడనివ్వండి. హాస్యపు వంతకు మైకు విడిగా ఇవ్వండి.