నీళ్లు వదిలే తేదీ

‘సిద్ధమయ్యాక విడుదల చేస్తాం.’ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల వాళ్లు తరచూ అనే ఈ మాట ఈ వారం మళ్లీ కంటపడింది, మళ్లీ చిరాకు పుట్టించింది. ఈ కాలమ్ చదివేవారికి నా పాత పట్టుదల తెలుసు: తేదీ చెప్పని పని పది చేతుల్లోకి వెళ్లదు. కృష్ణా డెల్టాలో ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలకు నీళ్లు ఎప్పుడు వదులుతారో తెలిస్తేనే రైతు నారుమడి దున్నుకుంటాడు, విత్తనం నానబోస్తాడు, కూలీలతో మాట్లాడుకుంటాడు. జూన్‌లో రావలసిన నీళ్లు ఆగస్టులో వస్తే నాట్లు వెనక్కి పోతాయి, కోతలు తుపాన్ల నోట పడతాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, కోసి పనల మీదున్న వరి నీట నానడం డెల్టా అంతా చూసింది. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల పథకం వచ్చాక మనకు దక్కిన మేలును టీఎంసీల్లోనే లెక్కగడతారు. నా లెక్కలో అసలు మేలు, నీళ్లు ముందుగా అందడం.

శాస్త్ర పరిశోధనకు వాడే సాఫ్ట్‌వేర్ విషయంలో ఈ వాదన చెల్లదని కొందరంటారు. అక్కడ తప్పు జవాబు వస్తే ఒక పరిశోధన పత్రమే తప్పవుతుంది, తేదీ కోసం తొందరపడితే ఎలా అని వారి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. అయితే తేదీ పెట్టుకోవడమంటే సగం ఉడికింది వడ్డించడం కాదు. ఉడకనిది ఈ పూటకు పక్కన పెట్టి, ఉడికినంత వరకు వడ్డించడం. పైథాన్ భాష 2020 నుంచి ఏటా అక్టోబరులో కొత్త వెర్షన్ తెస్తోంది. అందుకోని మార్పు వచ్చే అక్టోబరుకు ఆగుతుంది, దానికోసం మిగతావాళ్లు ఆగరు. తేదీ లేనిచోట ప్రతి ఒక్కరూ తమ మార్పును ఈసారే దూర్చాలని చూస్తారు, ఎందుకంటే మరో విడుదల ఎప్పుడో ఎవరికీ తెలియదు. తొందర అక్కడే ఎక్కువ. ముందుగా చెప్పడం ఇతర ప్రాజెక్టులకూ అవసరమే. మన ఇంజనీరింగ్ ల్యాబుల్లోనూ వాడే, పైథాన్‌లో లెక్కలు చేసే లైబ్రరీ నమ్‌పై సంగతి చూడండి. 2006లో 1.0 వచ్చాక అంత పెద్ద మలుపు మళ్లీ 2024 జూన్‌లో 2.0తోనే వచ్చింది. దానిమీద ఆధారపడిన వందల లైబ్రరీలు సర్దుకోవాలి కాబట్టి, నెలల ముందే ముందస్తు ప్రతులు వదిలి, పాత కోడులో ఏమేం మార్చుకోవాలో రాసిపెట్టారు.

విడుదలకు ముందు కొన్నాళ్లు కొత్త ఫీచర్లు తీసుకోవడం ఆపేస్తారు. దీన్ని ఫ్రీజ్ అంటారు. మన భాషలో కాలువ కట్టేయడం. వేసవిలో కాలువ కట్టేశాకే పూడిక తీస్తారు, తూములు బాగుచేస్తారు, గుర్రపుడెక్క లాగేస్తారు. వెనకటికి ఊరి కాలువ పూడిక తీత ఊరివాళ్ల బాధ్యత, దానికి కుడిమరామత్ అని పేరు. కాలువ తవ్వడానికి ఇంజనీరు కావాలి, పూడిక తీతకు పలుగూ పారా పట్టగల ప్రతివాడూ పనికొస్తాడు. ఫ్రీజ్ కాలమూ అంతే. టెస్టులు రాయడం, డాక్యుమెంటేషన్‌లో తప్పులు దిద్దడం, పాత బగ్గు ఇంకా ఉందో పోయిందో చూడటం లాంటి పనులన్నీ అప్పుడే బయటపడతాయి. కొత్తవాళ్లు మొదటిసారి చేయి వేయగలిగేది అక్కడే. తేదీ లేకపోతే ఫ్రీజ్ ఉండదు, ఫ్రీజ్ లేకపోతే కొత్తవాళ్ల ప్యాచ్‌లు నెలల తరబడి వరసలో పడి ఉంటాయి. ఈలోగా అసలు కోడు మారిపోతుంది, పంపిన మార్పు దానికి అతకదు. నారుమడిలో ముదిరిన నారులాంటిదే అది. నాటినా పిలక వేయదు.

ఇక్కడిదాకా వచ్చాక, తేదీ పెట్టి తలుపు తెరిస్తే జనం పెరుగుతారు అని ముగించవచ్చు. కానీ జనం పెరగడం ఎలా ఉంటుందో 2020 అక్టోబరు చూపించింది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు చేయి కలపమని ఏటా అక్టోబరులో పిలిచే హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో నాలుగు మార్పులు పంపితే టీషర్టు ఇస్తామన్నారు. రీడ్‌మీ ఫైలులో ఒక విశేషణం చేర్చి పంపినవాళ్లు వరదలా వచ్చారు. అందులో మన దేశపు విద్యార్థులు ఎందరో. నిర్వాహకులు నెల మొదట్లోనే నిబంధన మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకే దాన్ని పరిమితం చేయాల్సి వచ్చింది. విద్యార్థులను తిట్టడం తేలిక. కాలేజీ వాళ్లకు ‘ఎన్ని’ అన్న లెక్క మాత్రమే నేర్పింది, వాళ్లు లెక్కే తెచ్చారు. దీనికి రెండో కొస, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేర్ ఉదంతం. అలసిపోయిన ఒకే ఒక్క మెయింటెయినర్‌కు జియా టాన్ అనే పేరుతో ఒకరు రెండేళ్లకు పైగా సాయపడి, విడుదల చేసే అధికారం సంపాదించి, 2024 ఫిబ్రవరి వెర్షన్‌లో దొంగదారి పెట్టారు. లాగిన్‌కు అర సెకను ఆలస్యం ఎందుకవుతోందని ఆరా తీసిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ మార్చి 29న దాన్ని బయటపెట్టాడు. పంపేవాళ్లు ఎందరున్నా, సరిచూసేవాళ్లు ఒక్కరైతే ఆ ప్రాజెక్టు ఆ ఒక్కరి ఓపికంతే ఉంటుంది.

కాబట్టి తేదీ గురించి మొదలుపెట్టిన నేను మనిషి దగ్గర ఆగాలి. ఏ తేదీకి నీళ్లు వదలమన్నా, షట్టరు ఎత్తి శివారు దాకా నీరు పారిందో లేదో చూసే లస్కరు లేకపోతే చివరి ఎకరం తడవదు. విడుదల పని తెలిసినవాళ్లు ఎందరు, అసలు మనిషి లేకపోయినా నడపగలవాళ్లు ఎందరు అన్నదే ప్రాజెక్టు ఆరోగ్యానికి కొలమానం. బీజగణితం, కలన గణితం చేసే పైథాన్ లైబ్రరీ సింపై ఈ దారిలోనే నడిచింది. విద్యార్థులతో ఓపెన్ సోర్స్ పని చేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో దరఖాస్తును ఒప్పుకోవాలంటే ఒక ప్యాచ్ అంగీకారం పొంది ఉండాలంటారు. మార్పు పంపినవారే విడుదల పత్రంలో దాని గురించి ఉండాల్సిన వాక్యం రాయాలి, మరిచిపోతే బాట్ గుర్తుచేస్తుంది. చిన్న నియమమే, కానీ మొదటి రోజునుంచే ‘ఇది ఎవరి చేతికి చేరుతుంది’ అని ఆలోచింపజేస్తుంది. 2009లో ఆ సమ్మర్ ఆఫ్ కోడ్ విద్యార్థిగా వచ్చిన ఆరన్ మ్యూరర్ 2011కల్లా ఆ ప్రాజెక్టుకు నాయకుడయ్యాడు.

కానూరు, వడ్డేశ్వరం, అమరావతి కాలేజీల అధ్యాపకులకు నా విన్నపం ఒకటే. ఈ సెమిస్టరులో మీ విద్యార్థులను కోడు పంపమనకండి. నమ్‌పై, దాని తోటి లైబ్రరీ సైపై తుది వెర్షన్‌కు ముందు రిలీజ్ క్యాండిడేట్ వదులుతాయి. పిప్ ఇన్‌స్టాల్‌కు ‘ప్రీ’ అనే ఆప్షన్ చేరిస్తే దిగుతుంది. ల్యాబు రికార్డులోని లెక్కలు దానిమీద నడిపించండి. జవాబులో తేడా వస్తే ఏ లెక్క, ఏ వెర్షన్, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ అన్నది రాయించండి. పక్క బెంచీ విద్యార్థితో అది మళ్లీ సరిచూయించి, అప్పుడు ఆ నివేదికను ప్రాజెక్టుకు పంపించండి. తుది తేదీకి ముందే పంపించండి.